అవిద్య గురించి మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా డాబా మీద ఆదివారం సాయంత్రాలు ఓ పదిపన్నెండు మందిమి కూర్చుని వేదాంతం చదువుకుంటాం. కొత్తగా ఎవరొచ్చినా అవే డౌట్లు, పాతవాళ్ళకి కూడా ఆర్నెల్లకోసారి మళ్ళీ అవే డౌట్లు. మా మాస్టారు విసుక్కోరు గానీ మొన్న "ఓసారి రాసి పెట్టీరా బాబూ, నా గొంతు పోతంది" అన్నారు, అందుకని ఇది. నేను పండితుణ్ణి కాదు, బట్టల షాపులో లెక్కలు రాసుకునేవాణ్ణి. క్లాసులో విన్నదీ ఇంటికెళ్ళి పుస్తకంలో చూసుకున్నదీ నా భాషలో పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## మొదటిసారి విన్నవాళ్ళవి

అవిద్య అంటే చదువు లేకపోవడమేనా?

కాదండి. మాట అలా వినిపిస్తుంది, అందుకే అందరూ ఇక్కడే బోల్తా పడతారు. యోగసూత్రాల మీద వ్యాసభాష్యంలో ఒక పోలిక ఉంది, 'అమిత్రుడు' అంటే మిత్రుడు లేకపోవడం కాదు, శత్రువు అని. అంటే అక్కడ ఖాళీ లేదు, ఎదురుగా ఒకడు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అవిద్య కూడా అంతే, బుర్ర ఖాళీగా ఉండడం కాదు, నిజం ఉండాల్సిన చోట తప్పుడు జ్ఞానం పీట వేసుకుని కూర్చోవడం.

ఇంకో సంగతి, చదువుకోనివాళ్ళని చూపించి "పాపం అజ్ఞానులు" అంటారు చూడండి, అది నాకు అస్సలు నచ్చదు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే ఈ విషయంలో పండితుడికీ పశువుకీ తేడా లేదనేశారు. కర్ర ఎత్తితే ఆవు వెనక్కి పోతుంది, పచ్చగడ్డి చూపిస్తే దగ్గరికొస్తుంది, శాస్త్రాలు చదివినాయన కూడా కత్తి పట్టుకుని అరుస్తూ వస్తున్నవాణ్ణి చూస్తే తప్పుకుంటాడు, మంచిగా పలకరించేవాడి దగ్గరికి వెళ్తాడు. ఇద్దరూ 'ఈ ఒళ్ళే నేను' అన్న లెక్క మీదే నడుస్తున్నారు. ఆ లెక్కన సంతలో చేపలమ్మే ఆవిడకీ పీహెచ్‌డీ చేసినాయనకీ అవిద్య సమానమే.

అజ్ఞానం, అవిద్య, మాయ మూడూ ఒకటేనా, వేర్వేరా?

మొదటి రెండూ మామూలుగా ఒకటే అనుకోండి. మాయ దగ్గర కొంచెం తేడా చెప్తారు. విద్యారణ్యులు 14వ శతాబ్దంలో రాసిన పంచదశిలో అయితే శుద్ధమైన సత్త్వం ప్రధానంగా ఉంటే మాయ, అది ఈశ్వరుడి చేతిలో ఉంటుంది, మలినమైపోయిన సత్త్వం అయితే అవిద్య, దాని చేతిలో జీవుడుంటాడు అని విడదీశారు. జీవుడూ బ్రహ్మమూ ఒకటే అనే అద్వైతంలోనే ఈ రెంటినీ అంతగా విడదీయనివాళ్ళూ ఉన్నారు. కొత్తలో దీని మీద టైం పెట్టకండి.

ప్రతి క్లాసులో ఆ తాడు–పాము కథేనా, ఇంకోటి లేదా?

ఉంది, ఆల్చిప్పని చూసి వెండి అనుకోవడం అనే కథ. కళింగపట్నం బీచ్‌లో పొద్దున్నే నడిస్తే అది కూడా ఎవరికైనా జరుగుతుంది. కానీ తాడు–పాములో భయం ఉంది, అందుకే అది అంటుకుంటుంది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను ఉద్దానంలో మా పిన్ని వాళ్ళింట్లో ఉన్నాను. కొబ్బరిచెట్లన్నీ పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. రాత్రి దొడ్లోకి వెళ్తే కాలి దగ్గర నల్లగా చుట్ట చుట్టుకుని ఉంది, నేను వేసిన కేకకి పక్కింటివాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చేశారు. టార్చి వేస్తే కొబ్బరితాడు. ఇప్పుడు ఇందులో ఏం జరిగిందో చూడండి. తాడు మారలేదు, దాన్ని ఎవరూ పాము చెయ్యలేదు, టార్చి పామునేమీ చంపలేదు. కానీ చెమటలు నిజం, కేక నిజం, పిన్ని గుండె పట్టుకోవడం నిజం. లేనిది ఉన్నదాని మీద కనపడి నిజమైన పని చేసేసింది. ఇంకా ముఖ్యమైంది, బాగా చీకటైపోయి ఏమీ కనపడకపోతే భయం లేదు, బాగా వెలుగున్నా భయం లేదు, 'ఏదో ఉంది' అని సగం కనపడి సగం కనపడనప్పుడే పాము పుడుతుంది. మన 'నేను' కూడా అలాగే, ఉన్నానని తెలుసు, ఏమిటో తెలీదు.

నేనెవరో నాకు తెలుసండీ, ఆధార్ కార్డుంది. ఇందులో పొరపాటు ఏటుంది?

ఇది అడిగినాయన జోక్‌గానే అడిగాడు గానీ ప్రశ్న అసలైనదే. ఒక రోజులో మీరు 'నేను' అన్న మాట ఎక్కడెక్కడ వాడతారో గమనించండి. నేను లావయ్యాను, అది ఒంటి సంగతి. నాకు చూపు మందగించింది కాబట్టి నేను పనికిరాను, అది కంటి సంగతి. మా అబ్బాయికి ర్యాంకు రాలేదు, నా పరువు పోయింది, అది అసలు మీ ఒంట్లోనే లేదు. శంకరులు అధ్యాస అని చెప్పింది దీన్నే, ఒకదాని లక్షణాలు తెచ్చి ఇంకోదానికి తగిలించడం. ఆయన ఇచ్చిన ఉదాహరణలు కూడా ఇలాంటి ఇంట్లో సంగతులే, నేను లావు, నేను సన్నం, నేను గుడ్డి, పెళ్ళాంబిడ్డలు బాగుంటే నేను బాగున్నాను, లేకపోతే లేను అని. ఆధార్‌లో ఉన్న ఫొటో పదేళ్ళ కిందటిది, అప్పటికీ ఇప్పటికీ ఒళ్ళు మారింది, ఆలోచన మారింది, మరి మారకుండా రెండిట్నీ 'నాదే' అంటున్నది ఎవరు? పొరపాటు అక్కడ ఉందంటారు.

## కొంచెం పుస్తకం పట్టుకున్నాక వచ్చేవి

ఆవరణ, విక్షేపం అంటే ఏమిటి? నాకు రెండూ కలిసిపోతున్నాయి

పదిమంది కుర్రాళ్ళు నాగావళి దాటారు అనుకోండి. ఒడ్డెక్కాక లెక్క పెట్టుకుంటే తొమ్మిదే వస్తోంది, ఎందుకంటే లెక్కపెట్టేవాడు తనని వదిలేసి మిగతావాళ్ళని లెక్కపెడుతున్నాడు. "పదోవాడు కనపడట్లేదు, లేడు" అనుకోవడం ఆవరణ, ఉన్నది కప్పబడిపోవడం. ఆ తర్వాత "ఓలమ్మో ఏట్లో కొట్టుకుపోయాడ్రా" అని తల బాదుకుని ఏడవడం విక్షేపం, లేనిది పుట్టుకురావడం. దారినపోయే పెద్దాయన వచ్చి "పదోవాడు ఉన్నాడర్రా" అంటే కొంచెం ఊరట, అది పరోక్షజ్ఞానం. మళ్ళీ లెక్కపెట్టించి "ఆ పదోవాడివి నువ్వే" అంటే అపరోక్షం. పాత వేదాంత కథే ఇది, పంచదశిలో దీన్ని ఏడు దశలుగా లెక్కగట్టారు, అజ్ఞానం, ఆవరణ, విక్షేపం, పరోక్షజ్ఞానం, అపరోక్షజ్ఞానం, శోకం పోవడం, తృప్తి అని. ఏరు మాత్రం మన నాగావళి కాదు, అది నేను పెట్టుకున్నది.

ఈశోపనిషత్తులో అవిద్యతో మృత్యువుని దాటొచ్చు అని ఉంది, మరి ఇదేటి?

ఈ ప్రశ్న అడిగారంటే మీరు నిజంగా చదువుతున్నారు. 11వ మంత్రం అది, అవిద్యతో మృత్యువు దాటి విద్యతో అమృతం పొందుతారని. అక్కడ అవిద్య అంటే తాడుని పాము అనుకునే అవిద్య కాదు, శంకరుల భాష్యం ప్రకారం అగ్నిహోత్రం లాంటి కర్మ, విద్య అంటే దేవతల ఉపాసన. రెండూ కలిపి చెయ్యమని, ఒక్కదాన్నే పట్టుకుంటే చీకట్లోకే పోతారని చెప్పడం. ఒకే మాట ఒక్కో చోట ఒక్కో అర్థం, మా వైపు 'అప్ప' అంటే అక్క, ఇంకోచోట ఇంకోటి అన్నట్టు. కఠోపనిషత్తులో 'అవిద్య మధ్యలో ఉంటూ మేమే తెలివైనవాళ్ళం అనుకుని, గుడ్డివాడు నడిపించే గుడ్డివాళ్ళలా తిరుగుతుంటారు' అన్నప్పుడు మాత్రం మనం మామూలుగా చెప్పుకునే అవిద్యే.

వేదాలన్నీ చదివినవాళ్ళకి కూడా అవిద్య ఉంటుందా, ఉంటే ఇంక చదవడం ఎందుకు?

ఉంటుంది. ఉపనిషత్తులే ఒప్పుకున్నాయి ఈ సంగతి. ముండకం ఋగ్వేదం మొదలుకుని నాలుగు వేదాల్నీ వ్యాకరణాన్నీ జ్యోతిషాన్నీ అపరావిద్యలో, అంటే కింది మెట్టు చదువులో వేసేసింది. ఛాందోగ్యం ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వచ్చి తను చదివినవన్నీ పెద్ద లిస్టు చెప్పి, ఇన్ని చదివినా నాకు మంత్రాలే తెలుసు, ఆత్మ తెలీదు, దుఃఖంలో ఉన్నాను దాటించమంటాడు.

మనకి దగ్గర్లో కావాలంటే కావ్యకంఠ గణపతి ముని ఉన్నారు. బొబ్బిలి దగ్గర కలువరాయిలో 1878లో పుట్టారు, నవద్వీపంలో పండితుల మధ్య ఆశువుగా కవిత్వం చెప్పి ఆ బిరుదు తెచ్చుకున్నారు, ఏళ్ళ తరబడి మంత్రజపం చేశారు. అంత చేసినాయన 1907లో అరుణాచలం కొండెక్కి ఓ కుర్ర సన్యాసి పాదాలు పట్టుకుని చదవాల్సినవి చదివాను, జపం చేశాను, తపస్సంటే ఏమిటో మాత్రం తెలియలేదు చెప్పమన్నారు. 'నేను' అనేది ఎక్కడి నుంచి పుడుతోందో చూస్తే మనసు అక్కడ అణిగిపోతుంది, అదే తపస్సు అని జవాబు. ఆ కుర్రాయనకి రమణ మహర్షి అని పేరు పెట్టింది మన గణపతి మునే. ఆయన చదువు వేస్టయిందా అంటే కాదు, ఆ చిన్న జవాబు పట్టుకోగలిగింది ఆ చదువు వల్లేనేమో. నా ఉద్దేశం అది.

పతంజలి చెప్పేదీ శంకరులు చెప్పేదీ ఒకే అవిద్యా?

చుట్టాలే గానీ ఒకే ఇల్లు కాదు. పతంజలి యోగసూత్రాల రెండో పాదంలో ఐదు క్లేశాలు, అంటే మనిషిని బాధపెట్టేవి చెప్తూ అవిద్యని మొదట పెట్టాడు, అస్మిత (నేను అన్న పట్టు), రాగం, ద్వేషం, అభినివేశం (చావు భయం) ఈ నాలుగూ దాని పొలంలో పండే పంటలే అన్నాడు. పోయేదాన్ని శాశ్వతం అనుకోవడం, అశుభ్రమైనదాన్ని శుభ్రం అనుకోవడం, దుఃఖాన్ని సుఖం అనుకోవడం, తను కానిదాన్ని తను అనుకోవడం, ఇదీ డెఫినిషన్. శంకరుల దగ్గర చివరిదే అసలు పాయింట్, పైగా ఆయనకి జ్ఞానంతో అవిద్య పోయాక మిగిలేది బ్రహ్మం ఒక్కటే, యోగంలో పురుషులు, అంటే ఆత్మలు ఎన్నో, ప్రకృతి కూడా నిజంగా ఉన్నదే. న్యాయదర్శనం (కోర్టు న్యాయం కాదు, తర్కం) వాళ్ళు కూడా మిథ్యాజ్ఞానం పోతే దోషం, దోషం పోతే ప్రవృత్తి, అది పోతే జన్మ, అది పోతే దుఃఖం పోతుందని గొలుసు వేశారు.

రామానుజులూ మధ్వాచార్యులూ అవిద్యని ఒప్పుకోలేదు కదా?

జీవుడికి అజ్ఞానం ఉందని ఒప్పుకున్నారు, అద్వైతులు చెప్పే రకం అవిద్యని ఒప్పుకోలేదు. రామానుజులు శ్రీభాష్యంలో దాని మీద ఏడు ఆక్షేపణలు పెట్టారు. మొదటిదే గట్టి దెబ్బ, ఈ అవిద్య ఎవర్ని ఆశ్రయించుకుని ఉంది, జీవుణ్ణి అంటే జీవుడే అవిద్య వల్ల వచ్చాడంటున్నారు, బ్రహ్మాన్ని అంటే అది జ్ఞానస్వరూపం అంటున్నారు, మరి ఎక్కడ పెడతారు అని. ఆయన లెక్కలో జీవుడి జ్ఞానం కర్మ వల్ల ముడుచుకుపోతుంది, భక్తితో, భగవంతుడి దయతో విచ్చుకుంటుంది. మధ్వులకి అజ్ఞానం కల్పితం కాదు, నిజంగానే ఉన్నది, హరి అనుగ్రహం లేకుండా పోదు.

ఈ గొడవ మనకి దూరం కూడా కాదు. మధ్వాచార్యుల నేరు శిష్యుడు నరహరి తీర్థులు కళింగంలో గాంగ రాజుల దగ్గర అధికారం చూశారు, శ్రీకూర్మం గుళ్ళో ఆయన 1281 నాటి శాసనం ఉంది. శ్రీకూర్మం వెళ్ళి తాబేలుకి మేత పెట్టి వచ్చేస్తాం గానీ ఆ స్తంభాల దగ్గర ఎంతమంది ఆగుతున్నాం.

బౌద్ధంలో కూడా అవిద్య ఉందంటారు, ఎవరి దగ్గర్నుంచి ఎవరు తీసుకున్నారు?

బౌద్ధంలో పన్నెండు నిదానాల, అంటే కారణాల గొలుసు అవిద్యతోనే మొదలవుతుంది. కాకపోతే తేడా పెద్దది, ఉపనిషత్తుల దారిలో ఆత్మ ఉందని తెలియకపోవడం అవిద్య, వాళ్ళ దారిలో లేని ఆత్మని ఉందనుకోవడం అవిద్య. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న పందెం నేను కట్టను. వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరం పక్కన రామతీర్థం కొండల మీద బౌద్ధుల కట్టడాలు చూశాక మాత్రం ఈ రెండు వాదనలూ ఇదే నేల మీద ఎదురెదురుగా కూర్చుని ఉంటాయి అనిపిస్తుంది.

## అడ్డం తిప్పి అడిగేవి

అవిద్య ఎప్పుడు మొదలైంది? ఎవడు మొదలెట్టాడు?

అనాది అంటారు, అంటే మొదలు లేనిది. ఇది తప్పించుకునే జవాబు అని నేనూ రెండేళ్ళు అనుకున్నాను. మాస్టారు ఒకరోజు "నీకు ఒడియా వచ్చా?" అన్నారు. రాదండి అన్నాను. "రాకపోవడం ఏ రోజు మొదలైంది?" అన్నారు. పుట్టినప్పట్నుంచీ రాదు, పుట్టకముందూ రాదు, తారీఖు లేదు. "ఇచ్ఛాపురం వెళ్ళి ఆర్నెల్లు ఉంటే?" వచ్చేస్తుంది. అంటే మొదలు లేనిదానికి ముగింపు ఉండొచ్చు. తెలియకపోవడానికి పుట్టినరోజు అక్కర్లేదు, తెలుసుకున్న రోజే దానికి చావు.

ఉన్నది బ్రహ్మం ఒక్కటే అయితే అవిద్య ఎవరికి? బ్రహ్మానికి అజ్ఞానం పట్టిందా?

మా క్లాసులో ఎక్కువ టీలు ఖర్చయ్యేది దీని మీదే. గీత పదమూడో అధ్యాయం భాష్యంలో శంకరులకి ఇదే ప్రశ్న వేస్తే ఆయన చెప్పింది, ఎవరికి కనపడుతోందో వాళ్ళకే. అడిగేవాడు ఇంకా లాగుతాడు, ఎవరికి కనపడుతోంది అని. నీకు అవిద్య కనపడుతోందంటే అది ఉన్నవాడూ తెలుస్తూనే ఉన్నాడు కదా, ఇంక ఆ ప్రశ్నకి అర్థమే లేదంటారు. అంటే 'నాకు తెలీట్లేదు' అంటున్న నువ్వే అడ్రసు.

తర్వాతవాళ్ళు దీన్ని అంత తేలిగ్గా వదల్లేదు. అద్వైతంలోనే భామతి, వివరణ అని రెండు దారులున్నాయి. భామతి దారిలో వాచస్పతి మిశ్రుడు అవిద్య జీవుణ్ణే ఆశ్రయిస్తుంది అన్నాడు, అవిద్య వల్ల జీవుడు, జీవుడి దగ్గర అవిద్య అంటే విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టు అనాది అని సర్దాడు. వివరణ దారివాళ్ళు కాదు, బ్రహ్మమే ఆశ్రయం అన్నారు, శుద్ధచైతన్యం అజ్ఞానానికి శత్రువు కాదు, దాన్ని కూడా వెలిగిస్తుంది, శత్రువైంది మనసులో పుట్టే ఎరుక, అంటే వృత్తిజ్ఞానం అని. నా మటుకు నాకు వివరణ దారి ఎక్కువ నచ్చింది గానీ రామానుజుల ఆక్షేపణ పూర్తిగా తీరిపోయిందని చెప్పలేను.

అవిద్య ఉన్నట్టా లేనట్టా, ఒక్క మాట చెప్పండి

ఒక్క మాటంటే 'అనిర్వచనీయం'. ఉంటే జ్ఞానంతో పోకూడదు, లేకపోతే అసలు కనపడకూడదు. కనపడుతోంది, పోతోంది. కాబట్టి ఉందనీ లేదనీ రెండూ అనలేం.

## సాధనలో పడ్డాక

పూజలూ వ్రతాలూ అరసవల్లి వెళ్ళడం, వీటివల్ల అవిద్య పోదా?

నేరుగా పోదంటుంది అద్వైతం. చీకట్లో ఉన్న గదిని ఎంత ఊడ్చినా వెలుగు రాదు, దీపం పెట్టాల్సిందే. చేసేవాడు ఒకడున్నాడు అన్న నమ్మకం మీదే కర్మ అంతా నడుస్తుంది, ఆ నమ్మకమే అవిద్య అయినప్పుడు కర్మ దానితో ఎలా పోట్లాడుతుంది.

అలాగని మానెయ్యమని కాదు. బుడితి ఇత్తడి చెంబుని చింతపండు పెట్టి తోమితేనే మొహం కనపడుతుంది, తోమడం మొహాన్ని తయారుచెయ్యదు. మనసు విషయంలో పూజ పని అదే. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబర్‌లోనూ పొద్దున్నే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని జనం బారులు తీరతారు, మబ్బు పట్టిన రోజు "ఇవాళ సూర్యుడు రాలేదు" అని వెళ్ళిపోతారు. సూర్యుడు రాకపోవడం ఏమిటి, మబ్బు కప్పింది మన చూపుని. హస్తామలక స్తోత్రంలో అచ్చంగా ఈ పోలికే ఉంది.

పుస్తకం చదివాను, అర్థమైంది కూడా. ఇంటికెళ్తే కోపం అలాగే ఉంది, ఇదేం జ్ఞానం?

నాదీ అదే కేసు, మా ఆవిణ్ణి అడగండి. అందుకే శ్రవణం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, మననం, నిదిధ్యాసనం అని ఇంకో రెండు పెట్టారు. వినడం వల్ల సంగతి తెలుస్తుంది, మననంతో డౌట్లు పోతాయి, నిదిధ్యాసనంతో జన్మల అలవాటు వదలాలి. అద్దెకిచ్చిన ఇల్లు మనదని కోర్టు తీర్పు వచ్చినా అందులో ఉన్నవాడు సామాను సర్దుకోవాలి కదా. గీత పదమూడులో జ్ఞానం అంటే ఏమిటి అని లిస్టు ఇచ్చినప్పుడు మొదటిది బ్రహ్మం కాదు, అమానిత్వం, అంటే గొప్పలు పోకుండా ఉండడం. ఆ లిస్టుకి వ్యతిరేకమైందంతా అజ్ఞానం అని చివర్లో తేల్చేశాడు. నేను ఆ లిస్టు చూసుకున్నప్పుడల్లా మొదటిదాని దగ్గరే ఆగిపోతాను.

జ్ఞానం వస్తే లోకం మాయమైపోతుందా?

పోదు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం హైవే మీద శ్రీకాకుళం వెళ్తుంటే ముందు రోడ్డంతా నీళ్ళలా మెరుస్తుంది. ఎండమావి అని తెలిసినా మెరుపు పోదు, బకెట్ పట్టుకుని దిగేవాడు మాత్రం ఎవడూ ఉండడు. జీవన్ముక్తుడికి, అంటే బతికుండగానే ముక్తి పొందినవాడికి లోకం అలా ఉంటుందంటారు. ప్రారబ్ధం అయిపోయేదాకా ఒళ్ళు నడుస్తుంది, కుండ దించేశాక కూడా కుమ్మరి సారె కాసేపు తిరిగినట్టు. పంచదశిలో ఒక చిన్న మాట నాకు చాలా ఇష్టం, పదోవాడు పోయాడని తల బాదుకున్నవాడికి 'నువ్వే పదోవాడివి' అని తెలియగానే ఏడుపు ఆగిపోయింది, తల మీద గాయం మాత్రం నెల రోజులకి నెమ్మదిగా మానింది అని.

నా కష్టాలన్నిటికీ నా అజ్ఞానమే కారణమా? ఉద్దానంలో కిడ్నీ జబ్బులవాళ్ళకి కూడా ఇదే చెప్తారా?

చెప్పం. చెప్పేవాళ్ళుంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. డయాలసిస్ మీద ఉన్న మనిషి మంచం పక్కన కూర్చుని "ఇదంతా నీ అవిద్య" అనడం వేదాంతం కాదు, మనిషితనం కూడా కాదు. జబ్బుకి డాక్టరు, మందు, మంచినీళ్ళు, బస్సు చార్జీలు కావాలి. శాస్త్రం కూడా జ్ఞాని ఒంటికి జబ్బు రాదని ఎక్కడా అనలేదు. అవిద్య వల్ల వస్తుందని చెప్పేది 'ఈ ఒళ్ళే నేను, ఇది పోతే నేను పోయినట్టే' అన్న రెండో దుఃఖం. అది ఎవరికివారు తమ గురించి ఆలోచించుకోవాల్సిన సంగతి, ఎదుటివాడి మీద వేసే తీర్పు కాదు.

గురువు ఉండాల్సిందేనా? యూట్యూబ్ చాలదా?

ఛాందోగ్యంలో ఒకణ్ణి గాంధారం నుంచి కళ్ళకి గంతలు కట్టి తెచ్చి అడవిలో వదిలేస్తారు. ఎవరో గంతలు విప్పి గాంధారం అటు అని చూపిస్తారు, వాడు ఊరూరా దారి అడుగుతూ ఇల్లు చేరతాడు. గంతలు విప్పడం గురువు పని, నడక మనదే. ముండకం ప్రకారం గురువుకి శాస్త్రమూ తెలియాలి, బ్రహ్మంలో నిలకడా ఉండాలి, ఫీజు సంగతి లేదు. నాకు ఒకాయన మూడు రోజుల క్యాంపులో అవిద్య మొత్తం తీసేస్తానని ఐదు వేలు తీసుకున్నాడు, అవిద్య ఉంది, ఐదు వేలు పోయాయి. యూట్యూబ్‌లో శ్రవణం అవుతుంది, డౌట్ వస్తే అది తిరిగి మాట్లాడదు.

సంస్కృతం రాదు, వయసు యాభై దాటింది, ఎక్కడ మొదలెట్టాలి?

తెలుగు తాత్పర్యంతో ఉన్న తత్త్వబోధ తీసుకోండి, చిన్నది. తర్వాత గీత ఐదో అధ్యాయంలో 15, 16 శ్లోకాలు, అజ్ఞానం జ్ఞానాన్ని కప్పడం, జ్ఞానం సూర్యుడిలా వెలిగించడం అక్కడున్నాయి. ఆ తర్వాత పదమూడు. బ్రహ్మసూత్ర భాష్యం ఉపోద్ఘాతం నాలుగైదు పేజీలే ఉంటుంది గానీ ఒంటరిగా పట్టుకోకండి, నేను పట్టుకుని మొదటి వాక్యం దగ్గరే మూడు వారాలు కూర్చున్నాను. మా డాబా మీదకి రావాలనుకుంటే ఆదివారం ఐదున్నరకి, చాప మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, ఉన్నవన్నీ వానకి పాడైపోయాయి.